పాస్టర్ కావాల్సినవాడు కోచ్ అయ్యాడు: ఆమోస్ అలోంజో స్టాగ్

మీరు అడిగింది ఇదీ: మీ అమ్మాయి అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్‌లో చేరింది. అక్కడి ఫుట్‌బాల్ కోచ్ జీతం యూనివర్సిటీ ప్రెసిడెంట్ జీతానికి ఎన్నో రెట్లని తను చెబితే మీరు నమ్మలేదు. "చదువు చెప్పే చోట బంతాట ఆడించేవాడికి అంత పెద్ద పీట ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు? తొలినాటి కోచ్‌ల్లో ఎవరో ఒకరి జీవితం చెబితే అర్థమవుతుందేమో" అన్నారు.

అమ్మాయి చెప్పింది నిజమే. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్లందరిలోకీ పెద్ద జీతం గవర్నర్‌ది కాదు, ఫుట్‌బాల్ కోచ్‌దో బాస్కెట్‌బాల్ కోచ్‌దో. దీని మొదలు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళితే నాకు కనిపించే మనిషి ఆమోస్ అలోంజో స్టాగ్. ఆయనకన్నా ముందు కోచ్‌లు లేరని కాదు. యూనివర్సిటీలో కోచ్ అనేది జీవితాంతం ఉండే ఉద్యోగం కావడం మాత్రం ఆయనతోనే మొదలైంది.

నా సంగతి ఒక్క ముక్క చెప్పి అసలు కథలోకి వస్తాను. నేను షికాగో శివార్లలో ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నాను. మావాడు హైస్కూల్ జట్టులో ఆడే రోజుల్లో, శుక్రవారం రాత్రి మ్యాచ్‌లకు గీత పక్కన గొలుసు పట్టుకుని నిలబడే వాలంటీర్లలో నేనొకణ్ణి. వాడు ఆడటం మానేసి చాలా కాలమైంది, నేను మాత్రం గొలుసు వదల్లేదు. ఆ గొలుసే నాకు ఈ ఆట నేర్పింది, ఈ ఆట చరిత్ర మీద పిచ్చి పట్టించింది.

ఇంతకీ గొలుసేమిటంటారా? ఇది మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులా రెండు కొసలూ సన్నగా ఉండే బంతిని పట్టుకుని పరిగెత్తాలి, లేదా విసరాలి, ఎదుటివాళ్ల కొస గీత దాకా చేరాలి. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. జరగలేకపోతే బంతి అవతలివాళ్లది. ఆ 10 గజాల కొలతే మా గొలుసు. అనుమానం వస్తే రిఫరీ మమ్మల్ని మైదానం మధ్యకి పిలుస్తాడు. గొలుసు బిగలాగి పడతాం. బంతి ముక్కు కర్రని దాటిందా లేదా అని రెండు వైపుల జనమూ ఊపిరి బిగబట్టి చూస్తారు. బెత్తెడు దూరంలో మ్యాచ్ తారుమారైన రాత్రులు నేను చూశాను. సాఫ్ట్‌వేర్‌లో ఇన్నేళ్లు పనిచేసినా నా చేతిలో అంత అధికారం ఎప్పుడూ లేదు లెండి.

ఈ ఆటలో గమనించాల్సింది ఒకటుంది. ప్రతి ప్రయత్నం తర్వాతా ఆట ఆగుతుంది. 1880లో యేల్ యూనివర్సిటీ విద్యార్థి వాల్టర్ క్యాంప్ పట్టుబట్టి తెచ్చిన నిబంధన అది: అంతకుముందు రగ్బీలోలా బంతి కోసం గుంపుగా కుమ్ముకునేవాళ్లు, ఇకపై బంతి ఒక జట్టు దగ్గరే ఉంటుంది, వాళ్లు మొదలుపెట్టినప్పుడే ఆట మొదలవుతుంది. ఆ నిబంధనతో ఆట చదరంగానికి దగ్గరైంది. ఆట ఆగి మొదలయ్యేదైతే ఈసారి ఎవరు ఎటు పరిగెత్తాలో ముందే రాసిపెట్టుకోవచ్చు. రాసిపెట్టుకోవచ్చంటే రాసేవాడొకడు కావాలి. కోచ్ అవసరం పుట్టింది అక్కడే.

అయితే అవసరం పుట్టినంత మాత్రాన ఉద్యోగం పుట్టలేదు. క్యాంప్‌నే చూడండి. 1888లో యేల్ జట్టును నడిపించింది ఆయనే. కానీ పగలంతా గడియారాల కంపెనీలో ఉద్యోగం చేసుకోవాలి కాబట్టి ప్రాక్టీసుకి వెళ్లడం కుదిరేది కాదు. ఆయన భార్య ఆలిస్ మైదానానికి వెళ్లి ఎవరు ఎలా ఆడారో చూసి వచ్చి చెబితే, దాన్నిబట్టి సాయంత్రం ఇంట్లో కూర్చుని కుర్రాళ్లకు సలహాలిచ్చేవాడు. జీతం లేదు. ఆ రోజుల్లో జట్టుకి పెద్ద కెప్టెనే. పాత విద్యార్థులు సెలవుల్లో వచ్చి నాలుగు మాటలు చెప్పిపోయేవాళ్లు. ఆటకి డబ్బు తీసుకోవడమంటే పెద్దమనుషులకి నామోషీ.

అలా నడిచిన 1888 యేల్ జట్టు ఆ సీజన్లో 13 మ్యాచ్‌లు గెలిచి 698 పాయింట్లు చేసింది, ఎదుటివాళ్లకి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. ఆ జట్టులో అంచున ఆడిన పొట్టివాడే మన స్టాగ్.

ఆయన 1862 ఆగస్టు 16న న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్‌లో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు, ఎనిమిది మంది పిల్లల్లో ఈయన ఐదోవాడు. చదువు ఆలస్యంగా సాగింది. ఎక్సెటర్ అకాడమీలో చలిమంట కూడా లేని అటక గదిలో ఉంటూ బిస్కెట్లు, రొట్టె, పాలతో కడుపు నింపుకున్నాడు. యేల్‌లో చేరేనాటికి 22 ఏళ్లు. అక్కడా అదే తిండి, చివరికి నీరసంతో జబ్బు పడ్డాడు. వారాలు చేసుకుని చదువుకున్న మన తాతల కథలు విన్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

యేల్‌లో ఆయన పేరు మోగింది ముందు ఫుట్‌బాల్‌లో కాదు, బేస్‌బాల్‌లో. బంతి విసరడంలో దిట్ట. ప్రొఫెషనల్ జట్లు డబ్బు చూపించి పిలిచాయి, వెళ్లలేదు. బేస్‌బాల్ మైదానాల్లో మద్యం అమ్మడం ఆయనకు గిట్టదు. పైగా చదువుతున్నది పాస్టర్ కావడానికి. తాగడు, పొగ పీల్చడు, బూతు మాట్లాడడు. 1889లో దేశం మొత్తం మీద మొదటిసారి మేటి ఆటగాళ్ల జట్టు ఒకటి ప్రకటిస్తే అందులో ఈయన పేరుంది. ఒక పక్క క్రైస్తవ మత పాఠాలు, ఇంకో పక్క ఇదీ.

పాస్టర్ పని మాత్రం కుదరలేదు. వేదికెక్కితే నోరు పెగలదు. ప్రసంగం చేయలేనివాడు చర్చిలో ఏం చేస్తాడు? ఇది తన దారి కాదని తేల్చుకుని 1890లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ వాళ్ల శిక్షణ కళాశాలకు వెళ్లాడు. అక్కడ చదువుతూనే ఫుట్‌బాల్ జట్టు కట్టి నేర్పించాడు. ఆ జట్టులో మధ్యన ఆడినవాడు జేమ్స్ నైస్మిత్. 1891 డిసెంబర్‌లో బాస్కెట్‌బాల్‌ని కనిపెట్టిన నైస్మితే. "నన్ను మధ్యలో ఎందుకు ఆడిస్తున్నావు?" అని నైస్మిత్ అడిగితే, "ఎంత మొరటు పనైనా నువ్వు చాలా మర్యాదగా చేస్తావు కాబట్టి" అన్నాడట స్టాగ్. 1892 మార్చి 11న జనం ముందు ఆడిన మొట్టమొదటి బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో విద్యార్థులు 5–1తో టీచర్లని ఓడించారు. టీచర్ల వైపు పడిన ఆ ఒక్కటీ స్టాగ్ వేసిందే.

ఇప్పుడు మీ ప్రశ్నకి అసలు సమాధానం. చమురు కుబేరుడు రాక్‌ఫెల్లర్ డబ్బుతో షికాగోలో కొత్త యూనివర్సిటీ కడుతున్నారు. దానికి మొదటి ప్రెసిడెంట్ విలియం రెయినీ హార్పర్. ఆయన అంతకుముందు యేల్‌లో హీబ్రూ ప్రొఫెసర్, స్టాగ్‌కి అక్కడ గురువు. గోడలు ఇంకా లేవకముందే స్టాగ్‌ని పిలిచాడు. వాళ్లిద్దరి మధ్య జరిగిన బేరం గురించి ఒక కథ చెబుతారు. హార్పర్ ఏడాదికి 1,500 డాలర్లన్నాడు. స్టాగ్ మాట్లాడలేదు. 2,000 ఇస్తాం, అసిస్టెంట్ ప్రొఫెసర్ హోదా కూడా అన్నాడు. ఈయన అప్పుడూ మౌనమే. చివరికి 2,500 డాలర్లు, అసోసియేట్ ప్రొఫెసర్ పదవి, అంటే జీవితాంతం ఉద్యోగం అన్నాడు హార్పర్. నిజానికి స్టాగ్ బేరమాడలేదట, ఆ అవకాశం ఊహించుకుంటూ మైమరచి కూర్చున్నాడట! వేదిక మీద మాట రాని జబ్బు ఇక్కడ వెయ్యి డాలర్ల మేలు చేసింది.

నా లెక్కలో ఈ ఆట చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఆ గదిలో తిరిగింది. వ్యాయామ విద్యకు ఒక డిపార్ట్‌మెంటు, దానికొక అధిపతి, ఆ అధిపతికి లాటిన్ ప్రొఫెసర్‌తో సమానంగా బల్ల, కుర్చీ, పర్మినెంటు పోస్టు. మన బళ్లలో డ్రిల్ మాస్టారికి ఇప్పటికీ స్టాఫ్ రూమ్‌లో దక్కే గౌరవం ఎంతో మీకు తెలుసు. లెక్కల మాస్టారు సెలవు పెడితే డ్రిల్ పీరియడ్ ఆయనకి బాకీ. 1892లోనే హార్పర్ డ్రిల్ మాస్టారిని ప్రొఫెసర్ చేశాడు. ఆదర్శం కోసమే చేశాడా అంటే, అదీ ఉంది, ఇంకోటీ ఉంది. హార్పర్‌కి జనం కళ్లు కావాలి. నిన్నగాక మొన్న పుట్టిన యూనివర్సిటీ పేరు పేపర్లో రావాలంటే హీబ్రూ వ్యాకరణం చాలదు. శనివారం మ్యాచ్ కావాలి.

1892 అక్టోబర్ 1న యూనివర్సిటీ తెరిచారు. అదే రోజు స్టాగ్ ప్రాక్టీసుకి పిలుపిస్తే వచ్చింది 13 మంది. ఆటకి కావాల్సింది 11 మంది. ఇద్దరికి కాలు బెణికితే జట్టు సరి, మూడోవాడికి బెణికితే మ్యాచ్ లేదు. చేసేది లేక 30 ఏళ్ల ప్రొఫెసర్ గారు తనే బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగాడు. హైస్కూల్ జట్లతోనూ ఆడారు. వ్యాపారి మార్షల్ ఫీల్డ్ ఇచ్చిన స్థలం చుట్టూ విద్యార్థులతో కలిసి స్టాగ్ తనే కంచె కొట్టాడు. తర్వాత తర్వాత 50 వేల మంది పట్టే స్టేడియమై ఆయన పేరే పెట్టుకున్న మైదానం అదే.

1894 క్రిస్మస్ నాడు ఆయన జట్టు శాన్ ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డ్‌తో ఆడి 24–4తో గెలిచింది. ఆ టూరులో రైలు మీద రానూపోనూ 6,000 మైళ్లు దాటింది. 1896లో షికాగో కొలీజియంలో, కప్పు కింద, కరెంటు దీపాల వెలుతురులో మిచిగన్‌ని 7–6తో ఓడించారు. ఈరోజు మనం టీవీలో చూసే హంగామాకి విత్తనాలు ఇవన్నీ. 1895లో విస్కాన్సిన్‌తో ఆడుతూ సగం ఆటకి వెనకబడి ఉన్నప్పుడు హార్పర్ స్వయంగా కుర్రాళ్ల గదిలోకి వచ్చి, రాక్‌ఫెల్లర్ ఇప్పుడే 30 లక్షల డాలర్లు ప్రకటించాడు, మీ ఆట చూస్తే మాత్రం మనం గొప్ప యూనివర్సిటీ అవుతామన్న నమ్మకం కలగడం లేదు అన్నాడట. తిరిగి వెళ్లి గెలిచారు. విరాళానికీ గోలుకీ ముడి ఎంత తొందరగా పడిందో చూడండి, సంస్థ పుట్టి మూడేళ్లే అప్పటికి.

ప్రాక్టీసులో స్టాగ్ ఎలా ఉండేవాడో చెప్పాలి. ఆయన నోట వచ్చే అతి పెద్ద తిట్టు "గాడిద". తప్పు ముదిరితే "డబుల్ గాడిద". ఇంకా ముదిరితే "ట్రిపుల్ గాడిద". అంతకుమించి లేదు. పాదిరీ కావాల్సిన మనిషి కదా! క్రిస్లర్ అనే ఒక కుర్రాడు చెప్పిన ఎత్తులన్నీ పాడుచేస్తుంటే, అప్పట్లో పేరు మోసిన వయొలిన్ విద్వాంసుడు ఫ్రిట్జ్ క్రైస్లర్‌ని గుర్తుచేసుకుని, "ఇవాళ్టి నుంచి నీ పేరు ఫ్రిట్జ్. ఆయనకీ నీకూ పోలిక లేదు కాబట్టి" అన్నాడు. ఆ క్రిస్లర్‌కి ఆ పేరే ఖాయమైపోయింది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

నడుం, కాలు నొప్పులు ఎక్కువైన కాలంలో స్టాగ్ చిన్న ఎలక్ట్రిక్ కారులో కూర్చుని మైదానమంతా తిరుగుతూ ప్రాక్టీసు చేయించేవాడు. భార్య స్టెల్లా అదే యూనివర్సిటీ విద్యార్థిని, 1894లో పెళ్లయింది. ఆవిడ మ్యాచ్‌లు చూస్తూ ఎవరు ఎటు పరిగెత్తారో కాగితం మీద గీసేది. అవతలి జట్టు ఆట చూసి వచ్చి గుట్లు చెప్పేది. క్యాంప్ ఇంట ఆలిస్, స్టాగ్ ఇంట స్టెల్లా. తొలి కోచ్‌ల చరిత్ర రాసేవాళ్లు ఈ ఇద్దరికీ ఒక్కో వాక్యం విదిలించి ముందుకు పోతారు, నేనూ అంతకన్నా ఏం చేస్తున్నాను గనక.

ఇక ఆయన "కనిపెట్టినవి" అనే జాబితా ఇంటర్నెట్‌లో కొండవీటి చాంతాడంత ఉంటుంది. కొంచెం జాగ్రత్తగా చదవండి. ఎదుటివాణ్ణి పట్టి పడేయడం నేర్పడానికి పరుపు వేలాడదీయడం ఆయనదే అంటారు, యేల్‌లో చదివే రోజుల్లోనే. గోల్ స్తంభాలకి మెత్తలు కట్టడం, బంతి కదలకముందే ఒక ఆటగాణ్ణి అడ్డంగా పరిగెత్తించడం, ఒకవైపు వెళ్తున్నట్టు నటించి అంచు ఆటగాడి చేతికి బంతి ఇచ్చి ఇంకోవైపు పంపడం, ఇవీ ఆయన ఖాతాలో పడ్డాయి. ఆటగాళ్లు గుండ్రంగా తలలు దగ్గర పెట్టి ఎత్తు చెప్పుకునే పద్ధతి ఉంది చూశారూ, దాన్నీ ఆయనకే అంటగడతారు. కానీ 1890ల్లో వాషింగ్టన్‌లోని గ్యాలడెట్ కళాశాలలో, వినికిడి లేని విద్యార్థులు తమ సైగలు అవతలివాళ్లకి కనపడకుండా అలా గుమిగూడారన్నది గట్టి వాదన. నాకు అదే నమ్మబుద్ధవుతుంది. అవసరం ఉన్నవాడే కదా ఉపాయం వెతికేది.

స్టాగ్ ఖాతాలో మంచి ఎత్తులే కాదు, మొరటువీ ఉన్నాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ రోజుల్లో "తాబేటి చిప్ప" అని ఒకటి కట్టాడు. బంతి చుట్టూ జట్టంతా దగ్గరగా ముడుచుకుని, ఒక ముద్దలా ఎదుటివాళ్ల మీదకి దొర్లుకుంటూ వెళ్లాలి. అప్పట్లో అందరూ ఇలాంటివే కట్టేవాళ్లు. మూడు ప్రయత్నాల్లో 5 గజాలు చాలు కాబట్టి, బలం కొద్దీ కుమ్మితే పనైపోయేది. కుమ్ములాటలో మెడలు విరిగేవి. షికాగో ట్రిబ్యూన్ లెక్క ప్రకారం 1905 సీజన్లో 18 మంది ఆటగాళ్లు చనిపోయారు, 159 మందికి గట్టి దెబ్బలు తగిలాయి. ఆ అక్టోబర్‌లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లని వైట్ హౌస్‌కి పిలిచి ఆట పద్ధతి మార్చుకోమన్నాడు.

1905లోనే స్టాగ్ జీవితంలో అతి పెద్ద గెలుపూ, అతి పెద్ద మచ్చా వచ్చాయి. రెండూ ఒకే కుర్రాడి చుట్టూ తిరుగుతాయి.

గెలుపు ముందు. మిచిగన్ జట్టు 1901 నుంచి వరసగా 56 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడి వస్తోంది. దాని కోచ్ ఫీల్డింగ్ యోస్ట్, నోరూ చెయ్యీ ఆగని మనిషి, స్టాగ్‌కి పూర్తి విరుద్ధం. నవంబర్ 30, థాంక్స్‌గివింగ్ రోజు. మార్షల్ ఫీల్డ్ మైదానంలో 27 వేల మంది. హార్పర్ క్యాన్సర్‌తో మంచం మీద ఉన్నాడు, ఇంకో నెలన్నరలో చనిపోతాడు. ఎంత సేపటికీ ఎవరికీ పాయింటు లేదు. షికాగో వైపు వాల్టర్ ఎకర్సాల్ అనే కుర్రాడు బంతిని తన్నడంలో మొనగాడు. అతను అవతలివాళ్ల కొసలోకి పంపిన ఒక బంతిని మిచిగన్ ఆటగాడు పట్టుకుని, బయటికి పరిగెత్తుకొద్దామని చూశాడు. షికాగో వాళ్లు వాణ్ణి అమాంతం వెనక్కి, వాళ్ల సొంత గీత లోపలికే పడదోశారు. దానికి 2 పాయింట్లు. మ్యాచ్ 2–0తో ముగిసింది. 56 మ్యాచ్‌ల రికార్డు ఒక్క తోపుకి పోయింది.

ఇక మచ్చ. అదే నవంబర్‌లో కోలియర్స్ పత్రిక వరస కథనాలు వేసింది, యూనివర్సిటీలు ఆటగాళ్లని ఎలా కొనుక్కుంటున్నాయో చెబుతూ. మొదటి చురక షికాగోకే. ఎకర్సాల్ కాలేజీలో చేరడానికి కావాల్సిన మార్కులే లేకుండా చేరాడని అందులో ఉంది. అతను తరగతుల కన్నా మైదానంలో ఎక్కువ కనిపించాడు, డిగ్రీ లేకుండానే వెళ్లిపోయాడు, తర్వాత షికాగో ట్రిబ్యూన్‌లో ఆటల విలేకరిగా బతికాడు. సిగరెట్ ముట్టని, బూతు పలకని గురువు గారు ఇక్కడ మాత్రం చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మంచి ఆటగాళ్ల కోసం యోస్ట్‌తో పోటీ పడ్డాడు. ఆయన డిపార్ట్‌మెంటు లెక్కలు నేరుగా ప్రెసిడెంట్‌కి చెబితే చాలు, మిగతా ప్రొఫెసర్లకి అందులో వేలు పెట్టే వీలు తక్కువ. పర్మినెంటు పోస్టు ఆయన్ని నిజాయితీగా ఉంచుతుందని హార్పర్ అనుకున్నాడు. అదే పోస్టు ఆయన చుట్టూ గోడ కూడా కట్టింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయని ఒప్పుకోని స్టాగ్ భక్తులతో నాకు పేచీ. "ఆ కాలంలో అందరూ అంతే" అంటారు. అందరూ అంతే అయితే ఆయన్ని ప్రత్యేకంగా పొగడటం దేనికి?

1906లో నిబంధనలు మారాయి. బంతిని ముందుకి విసరడం చట్టబద్ధమైంది. 5 గజాల స్థానంలో 10 గజాలు వచ్చాయి, కాబట్టి ఉత్త కుమ్ములాట ఇక చాలదు. మా గొలుసు పొడవు తేలింది ఆ ఏడాదే. ఈ మార్పులు చేసిన కమిటీలో తూర్పు తీరపు పెద్దల మధ్య పశ్చిమం నుంచి కూర్చున్నవాడు స్టాగ్. 1904లో ఆ కమిటీలోకి వెళ్లినవాడు దశాబ్దాల పాటు దిగలేదు. కొత్తగా వచ్చిన పాస్‌ని చాలామంది కోచ్‌లు వింత వస్తువులా చూస్తే ఈయన వెంటనే దానికి డజన్ల కొద్దీ ఎత్తులు గీసుకున్నాడు.

అదే 1906లో మిడ్‌వెస్ట్ యూనివర్సిటీలు కూడబలుక్కుని ఒక తీర్మానం చేశాయి: కోచ్‌ని ఇకపై మామూలు పద్ధతిలో యూనివర్సిటీయే నియమించాలి, జీతం మితంగా ఉండాలి. పోల్చి చూడండి, ఇది హార్పర్ 14 ఏళ్ల కిందట స్టాగ్‌కి ఇచ్చిన ఏర్పాటే. కోచ్‌ని అదుపులో పెట్టడానికి అతన్ని ఇంటివాణ్ణి చేసుకున్నారు. "నియమించాలి" అన్న మాట నిలిచింది, "మితంగా" అన్నది గాలికి పోయింది. మీ అమ్మాయి యూనివర్సిటీ కోచ్ జీతం వెనక ఉన్నది ఈ సగం అమలైన తీర్మానం.

షికాగోలో స్టాగ్ 41 సీజన్లు పనిచేశాడు, 1892 నుంచి 1932 దాకా. ఫుట్‌బాల్‌తో పాటు బేస్‌బాల్, పరుగు పందేలు కూడా ఆయనే చూసుకునేవాడు. ఇప్పుడు బిగ్ టెన్ అంటున్న లీగ్‌లో ఏడుసార్లు మొదటి స్థానం: 1899, 1905, 1907, 1908, 1913, 1922, 1924. ఆయన శిష్యులు దేశమంతా కోచ్‌లయ్యారు. జెస్సీ హార్పర్ అనే శిష్యుడు నోటర్‌డేమ్‌కి వెళితే, ఆయన దగ్గర ఆడి, ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాడు నూట్ రాక్నీ. ఫుట్‌బాల్ అంతా స్టాగ్ నుంచి వచ్చిందే అని రాక్నీ అన్నాడని చెబుతారు. మనమ్మాయిలకి సంగీతంలో గురుపరంపర చెప్పినట్టు ఇక్కడివాళ్లు కోచ్‌ల పరంపర చెబుతారు. చాలా కొమ్మలు తిరిగి తిరిగి ఈయన దగ్గరికే చేరతాయి.

1922 అక్టోబర్ నాటి ఒక మ్యాచ్ దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం. ప్రిన్స్‌టన్ జట్టు షికాగో వచ్చింది. టెలిఫోన్ తీగల మీద ఆ ఆట న్యూయార్క్ దాకా రేడియోలో వినిపించింది. చివరి భాగానికి షికాగో 18–7తో ముందుంది. ప్రిన్స్‌టన్ పుంజుకుని 21–18కి వెళ్లిపోయింది. ఆఖరి నిమిషాల్లో షికాగో బంతిని గోల్ గీత దగ్గరికి తెచ్చింది. ప్రిన్స్‌టన్ వాళ్లంతా మధ్యలో గోడ కట్టారు, పాస్ వేస్తే సులువుగా పడేట్టుంది. పక్కనున్న సహాయకుడు స్టాగ్‌తో, ఒక సబ్‌స్టిట్యూట్‌ని పంపి పాస్ వేయమని చెప్పిద్దామన్నాడు. స్టాగ్ ఒప్పుకోలేదు. సబ్‌స్టిట్యూట్ ద్వారా కబురు పంపడం తగదని నిబంధనల కమిటీ చెప్పింది, ఆ కమిటీలో తానే ఉన్నాడు. కుర్రాళ్లు నేరుగా గోడలోకి పరిగెత్తారు. ఆగిపోయారు. ఓడిపోయారు. అప్పటి ఆలోచన ప్రకారం కోచ్ పని శుక్రవారంతో సరి, శనివారం ఆడేది కుర్రాళ్లు. ఇవాళ్టి కోచ్‌లు చెవికి యంత్రం తగిలించుకుని ప్రతి ఎత్తూ లోపలికి చెబుతుంటే, గొలుసు పట్టుకుని నిలబడ్డ నాకు ఈ మ్యాచే గుర్తొస్తుంది. ఎకర్సాల్ విషయంలో కళ్లు మూసుకున్న మనిషే ఇక్కడ మ్యాచ్ వదులుకున్నాడు. నాకు ఇప్పటికీ పూర్తిగా కొరుకుడు పడడు.

1924లో రెడ్ గ్రేంజ్ అనే మెరుపుతీగ ఉన్న ఇల్లినాయ్‌తో 21–21 డ్రా, అదే ఏడాది ఆఖరి లీగ్ టైటిల్. ఆ తర్వాత దిగడమే. చుట్టూ స్టేట్ యూనివర్సిటీలు వేల మంది విద్యార్థులతో, పెద్ద పెద్ద స్టేడియాలతో పెరిగాయి. షికాగోలో విద్యార్థులు తక్కువ, చదువు కష్టం. 1929లో 30 ఏళ్ల రాబర్ట్ హచిన్స్ ప్రెసిడెంట్‌గా వచ్చాడు. ఆటల మీద మమకారం లేనివాడు. 70 ఏళ్లకి రిటైర్‌మెంట్ అనే నిబంధన చూపించి 1932 సీజన్‌తో స్టాగ్‌ని ఆపించాడు. సలహాదారు పదవి ఇస్తామన్నారు. పనిలేని కుర్చీ నాకొద్దన్నాడు ఈయన. 41 ఏళ్ల తర్వాత, 70 ఏళ్ల వయసులో, సామాను సర్దుకుని కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్ అనే చిన్న కాలేజీకి కోచ్‌గా వెళ్లిపోయాడు.

వెళ్లి ఊరికే ఉండలేదు. 1938 నవంబర్‌లో తన పేరున్న స్టేడియానికే ఎదుటి జట్టు కోచ్‌గా వచ్చి షికాగోని 32–0తో ఓడించాడు. మర్నాటి ఏడు మిచిగన్ చేతిలో షికాగో 85–0తో చిత్తయింది. ఆ మిచిగన్ కోచ్ ఎవరనుకున్నారు? వయొలిన్ ఫ్రిట్జ్. ఫ్రిట్జ్ క్రిస్లరే. ఒకప్పటి గాడిద, తన గురువు కట్టిన ఇంటిని నేలమట్టం చేసి వెళ్లాడు. ఆ డిసెంబర్‌లో హచిన్స్ ఫుట్‌బాల్ జట్టునే ఎత్తేశాడు. 1935లో దేశపు మేటి ఆటగాడికి మొట్టమొదటి హైస్మన్ ట్రోఫీ అందుకున్న జే బెర్వాంగర్ ఆ యూనివర్సిటీవాడే, నాలుగేళ్లు తిరిగేసరికి అక్కడ జట్టే లేదు.

ఖాళీ స్టేడియం ఏమైందో మీకు తెలిసే ఉంటుంది, ఫుట్‌బాల్ వల్ల కాకపోయినా ఫిజిక్స్ పుస్తకం వల్ల. 1942 డిసెంబర్ 2న స్టాగ్ ఫీల్డ్ పడమటి గ్యాలరీ కింద, బంతాట గదిలో, ఎన్రికో ఫెర్మీ బృందం గ్రాఫైట్ ఇటుకలు పేర్చి మనుషులు చేసిన మొదటి అణు గొలుసుచర్యని నడిపించింది. ఇంటర్‌లో మనమంతా బట్టీ పట్టిన పాఠం అది. ఆ గ్యాలరీకి పేరున్న కోచ్ అప్పటికి స్టాక్టన్‌లో, 80 ఏళ్ల వయసులో, కుర్రాళ్లని డబుల్ గాడిదలని తిడుతున్నాడు.

మరుసటి ఏడాది, 1943లో, తోటి కోచ్‌లు ఆయన్ని ఆ ఏటి మేటి కోచ్‌గా ఎన్నుకున్నారు. 81 ఏళ్లు! యుద్ధం వల్ల నేవీ శిక్షణకి వచ్చిన మంచి ఆటగాళ్లు దొరకడం కలిసొచ్చింది, నిజమే. 1946తో పసిఫిక్ కాలేజీ కూడా చాలించమంటే, పెన్సిల్వేనియాలోని సస్క్వెహానా యూనివర్సిటీలో కొడుకుతో కలిసి 1952 దాకా నేర్పించాడు. ఆ తర్వాత స్టాక్టన్‌కి తిరిగొచ్చి, అక్కడి జూనియర్ కాలేజీలో బంతి తన్నడం నేర్పుతూ 90 దాటాడు. 1964లో స్టెల్లా పోయింది. 1965 మార్చి 17న స్టాక్టన్‌లోనే ఆయనా కన్నుమూశాడు, 102 ఏళ్లు నిండి.

314 విజయాలన్న ఆయన లెక్కని 1981లో అలబామా కోచ్ బేర్ బ్రయంట్ దాటాడు. ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో మొదటి ఏడాదే, 1951లో, ఆటగాడిగానూ కోచ్‌గానూ చోటిచ్చారు. 1959లో బాస్కెట్‌బాల్ వాళ్లూ ఇచ్చారు.

మనవైపు ఇలాంటివారు లేరా అని మీరు అడగకపోయినా చెబుతాను. హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం కూడా ముందు బడి పంతులు, తర్వాత కోచ్. కాలితో ఆడే మన ఫుట్‌బాల్‌లో ఆయన తీర్చిన భారత జట్టే 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది. ఆట వేరు, కాలం వేరు, పంతులుతనం ఒకటే. రహీం సాబ్‌కి ఒక హార్పర్ దొరకలేదు.

ఇంకో మాట. సెలవులకి మీరు అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు షికాగో రావడం పడితే, యూనివర్సిటీలో రెగెన్‌స్టైన్ లైబ్రరీ ఎక్కడని అడగండి. పాత స్టేడియం ఉన్న స్థలం అదే. పక్కనే హెన్రీ మూర్ చేసిన కంచు శిల్పం, ఫెర్మీ ప్రయోగానికి గుర్తుగా. అక్కణ్ణుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఇంకో చిన్న మైదానం ఉంది, దాని పేరూ స్టాగ్ ఫీల్డే. 1969లో ఆట మళ్లీ మొదలుపెట్టారు, ఇప్పుడు ఆడేది మూడో డివిజన్‌లో, ఆటకంటూ స్కాలర్‌షిప్ ఇవ్వని చోట. ఆ డివిజన్ ఫైనల్‌కి ఆయన పేరే, స్టాగ్ బౌల్. అక్టోబర్‌లో వస్తే స్వెట్టర్ తెచ్చుకోండి, సరస్సు మీద గాలి చాలా చల్లగా ఉంటుంది. గీతకి దగ్గరగా కూర్చోండి, గొలుసు పట్టుకునేవాళ్లు కనిపిస్తారు.